బ్యాండు గదిలో జోడీ

మొన్న శనివారం మనవరాలు ఫోన్లో ఏడ్చింది. మా హాసిని ఊరికే ఏడ్చే పిల్ల కాదు. మోకాలు చీరుకుపోయినా దులుపుకుని పోయే రకం. అట్లాంటిది వెక్కుతూ, "తాతా, నన్ను వెనకబడినోళ్ళ సపోర్టు క్లాసులో వేసినారు. లెక్కలకూ ఇంగ్లీషుకూ రెండిటికీ. అందరికీ తెలిసిపోయింది" అని చెప్పింది. ఓదార్చాల్సింది పోయి, "రెండిటికీ వేసినారా? ఒకటి తగ్గించమని అడక్కపోయినావా?" అన్నాను. పుట్టుబుద్ధి. ఎదుటి మనిషి కష్టం చెప్పుకుంటున్నా నా నోటికి ముందు బేరమే వస్తుంది. అటువైపు ఏడుపు టక్కున ఆగి, "పో తాతా" అని ఫోన్ పెట్టేసింది. ఏడుపు ఆపిన లాభమైనా దక్కిందిలే అనుకుని, మర్నాడు పిల్లల్ని చూడనిచ్చే రోజు కాబట్టి రాయదుర్గంలో తెల్లారి బస్సెక్కినాను.

అది నేను చదివిన బడే. గార్లదిన్నె దాటినాక రోడ్డు దిగి ఎర్రమట్టి బాటలో పోతే, చుట్టూ రాళ్ళు, తుమ్మచెట్లు, నడిమధ్య సున్నం వేసిన గోడ. మిలిటరీ పద్ధతిలో నడిచే హాస్టలు బడి. నా కాలంలో మగపిల్లలకే. ఇప్పుడు ఆడపిల్లలు మగపిల్లలకంటే గట్టిగా బూట్లు తాటిస్తూ సెల్యూట్ కొడుతున్నారు. హాసిని నాకూ కొట్టింది, నిన్నటి కోపం మొహంలో అట్లే పెట్టుకుని. వాళ్ళ సపోర్టు క్లాసు చూపించమని అడిగితే, "అది చూసేదానికి వచ్చినావా?" అని సిగ్గుపడి, చివరికి తీసుకుపోయింది. మా కాలంలో బ్యాండు గది ఉన్న చోటే అది కట్టినారు. లోపల చల్లని గాలి, తెల్ల బల్లలు, ఒక్కో పిల్లకు ఒక్కో అర, చెవులకు పెట్టుకునేవి, ముందు ఒక కంప్యూటర్. మాట నెమ్మదిగా ఉండే ఒక టీచరమ్మ అంతా తిప్పి చూపించింది. పిల్ల ఎక్కడ ఆగిపోతే కంప్యూటరే అక్కడినుంచి మళ్ళీ చెప్తుందట. మనసు బాగలేకపోతే మాట్లాడేదానికి వేరే గది, వేరే మేడమ్.

"ఇద్దరిద్దరినీ కలిపి కూర్చోబెట్టరా అమ్మా?" అని అడిగినాను.

"లేదు సార్. ఏ బిడ్డ ఎంత వెనకబడిందో పక్క బిడ్డకు తెలియకూడదు కదా. చిన్నబుచ్చుకుంటారు."

నిజమే.   కానీ ఆ గదిలో నిలబడి నేను గాలి పీలుస్తున్నాను, డోళ్ళ తోలు వాసన ఎక్కడైనా మిగిలిందేమోనని. ఏమీ లేదు. పెయింటు వాసన తప్ప.

ఆ బడికి నేను ఎట్ల వచ్చినానో చెప్పాలంటే ముందు మా అంగడి చెప్పాల. రాయదుర్గం బజారులో ముందర కిరాణా, వెనక రైతుల దగ్గర చెనక్కాయలు, అదే వేరుశనగ, కొనే వ్యాపారం. తెల్లారి మా నాయన తలుపులు తీసి, వాకిలి ముందర నీళ్ళు చల్లి, తక్కెడను కళ్ళకద్దుకుని సాంబ్రాణి వేసేవాడు. ఆ పొగ గోతం సంచుల్లోకి దూరి, బెల్లం, ఇంగువ, కిరసనాయిలు, చెనక్కాయల దుమ్ము అన్నిటితో కలిసి ఒక వాసన అయ్యేది. మా చొక్కాలకు, మా తలకాయలకు, మా ఇంట్లో చేసిన పాయసానికి కూడా అదే వాసన. మా అవ్వ ఉప్పు మూట పక్కన పీట వేసుకుని కూర్చుని, వచ్చినోళ్ళ మొహం చూసి ధర చెప్పేది. "ధర సరుకుది కాదురా, మొగానిది" అనేది నాతో. కొత్త చెప్పులు తొడిగినోడికి ఒకటి, బస్సుకు తొందరపడేవాడికి ఒకటి, పసిబిడ్డనెత్తుకున్న తల్లికి ఇంకొకటి, అదీ కొసరుతో. మాటలు రాకముందే నేను బేరం నేర్చుకున్నానని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు, నీళ్ళు తాగమంటే సగం గ్లాసుకు బేరం, నిద్రపొమ్మంటే ఒక కథకు బేరం. మా నాయన తట్టుకోలేకపోయినాడు. సరుకు కొనేదానికి వచ్చే ఒక మీసాల మిలిటరీ ఆయన, "వీన్ని ఆ బడిలో చేర్పించు శెట్టీ, క్రమశిక్షణ వస్తాది" అన్నాడు. "ఖర్చు?" అన్నాడు మా నాయన. "పరీక్ష పాసైతే సర్కారే చూసుకుంటాది." క్రమశిక్షణ ఊరికే ఇస్తామంటే వ్యాపారస్తుడు ఎవడు వద్దంటాడు? నోటిలెక్కలు, తెలుగులో రాసే పరీక్ష కాబట్టి నేను పాసైపోయినాను. అట్ల నా రాత రాసేసుకున్నాను.

బడిలో అన్నిటికీ ఈల. లేచేదానికి, పళ్ళు తోముకునేదానికి, తినేదానికి, పడుకునేదానికి. ఇత్తడి బకిల్‌కు వేసే పాలిష్ వాసన, తడి ఖాకీ వాసన, మెస్సులో పప్పు వాసన. మొదట్లో నేను రోజూ ఏదో ఒక వంకతో ట్రంకు పెట్టె తెరిచేవాణ్ణి. పెట్టె అడుగున మా అంగడి వాసన ఉండేది. దాన్ని అయిపోనీయకుండా కొంచెం కొంచెం పీల్చి మూత వేసేవాణ్ణి. పాఠాలన్నీ ఇంగ్లీషులో. నాకు వచ్చిన ఇంగ్లీషు బిస్కట్ పాకెట్ల మీదిది. మొదటి పరీక్షలో లెక్కలకు జవాబులు మాత్రం రాసి, ఎట్ల వచ్చిందో రాయకుండా వదిలేసినాను. మా అంగడిలో ఎవరూ అడగరు కదా. సారు సగం మార్కులు కోసినాడు. నేను పేపరు తీసుకుపోయి, పది మార్కులు కలపమని అడిగినాను, నాలుగుకు తెగుతుందని లెక్కేసుకుని. ఆయన ఒక్కటీ కలపకుండా గ్రౌండు చుట్టూ పరిగెత్తించినాడు. పరిగెత్తుతూ నేను అనుకున్నది: ఈయన ధర మాట్లాడే మనిషి కాదు. ఇంగ్లీషులో అయితే బేరానికి కూడా ఏమీ మిగల్లేదు.

కానీ ఒక శుభవార్త విన్నాను. దసరా సెలవులు అయినాక మళ్ళీ ఒక పరీక్ష పెడతారట. దాంట్లో కూడా తప్పినవాళ్ళను ఇళ్ళకు పంపేస్తారట. ఇంతకంటే మంచి బేరం యాడ దొరుకుతుంది? చదవకుండా ఉంటే చాలు, అంగడి, అవ్వ, ఉప్పు మూట. నేను ఆ రోజు మెస్సులో రెండోసారి పప్పు వేయించుకుని తిన్నాను.

అప్పుడు కరుణాకర్ సారు వచ్చినాడు. హిందూపురం తట్టు మనిషి. సైన్యంలో జవాన్లకు చదువు చెప్పే హవల్దారుగా చేసి వచ్చినాడు. సన్నగా, ఎండిన కంది కట్టె మాదిరి ఉండేవాడు. ఎప్పుడూ బుగ్గలో ఒక లవంగం. తప్పిన వాళ్ళందరినీ ఆయనకు అప్పగించినారు. మధ్యాహ్నం తిన్నాక మిగతా పిల్లలు పడుకునే గంటలో మాకు క్లాసు. క్లాసురూములకు తాళం వేస్తారు కాబట్టి బ్యాండు గదిలో. డోళ్ళ మీద పలక పెట్టుకుని రాసేవాళ్ళం. ఎవడైనా గట్టిగా రాస్తే డుబుడుబుమనేది. బడి అంతా మాకు పేరు పెట్టేసింది, బ్యాండు మేళమని. మేము గ్రౌండులోకి వస్తే పెద్ద పిల్లలు సన్నాయి ఊదినట్టు పెదాలు చేసి పీపీమనేవాళ్ళు. ఈ కాలపు టీచరమ్మ చెప్పిన చిన్నబుచ్చుకోవడం మాకు వీధిలో ఊరేగింపుగా జరిగింది. ఒకడు రెండురోజులు అన్నం మానేసినాడు ఆ ఎగతాళికి. అది మంచిదని నేను ఎన్నటికీ చెప్పను.

మొదటి రోజు సారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ఇద్దరిద్దరినీ పక్కపక్కకు జరిపినాడు. "సైన్యంలో ప్రతి జవానుకూ ఒక జోడీ ఉంటాడప్పా. ఒకడు నిద్రపోతే ఇంకొకడు మేలుకోవల్ల. ఒకనికి దెబ్బ తగిల్తే ఇంకొకడు మోయల్ల. ఈ గదిలో కూడా అంతే. జోడీలో ఇద్దరికీ ఒకటే మార్కు. యా మార్కు? తక్కువొచ్చినోనిది. ఒకడు తప్పితే ఇద్దరూ తప్పినట్టే. ఇద్దరూ ఇంటికే. నేను ప్రిన్సిపాలు సారుతో మాట్లాడే వచ్చినా." నా పక్కన నిలబడినవాడు రామాంజి.

రామాంజినేయులు మా రాయదుర్గం దగ్గరి పల్లె పిల్లగాడే. మనిషి పొడుగు, మాట పొట్టి. ఊరి అయ్యవారు బలవంతంగా పరీక్ష రాయిస్తే ఈ బడికి వచ్చినాడు. రాత పర్వాలేదు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేవాడు. నోరు మాత్రం తెరవడు, నోటి పరీక్షలోనే తప్పినాడు. మెస్సులో కూడా ఇంకొంచెం వేయమని అడగడు. ప్లేటు ముందు పెట్టుకుని వడ్డించే ఆయన వచ్చేదాకా చూస్తాడు, ఆయన చూడకుండా పోతే అట్లే లేచిపోతాడు. నాకు ఈ జోడీ గిట్టలేదు. నేను హాయిగా తప్పుదామంటే నాతోపాటు ఒకడు మునుగుతాడు. సారు దగ్గరికి పోయి బేరం పెట్టినాను.

"సార్, నన్ను ఒంటిగా వదిలేయండి సార్. రామాంజికి బాగా చదివేవాన్ని ఎవరినైనా ఇయ్యండి. వానికీ మేలు, నాకూ మేలు."

"నీకేం మేలప్పా దాంట్లో?"

"నేను ఎట్లా పోయేవాణ్ణే కద సార్."

సారు లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, "యాడికి పోతావు?" అన్నాడు.

"ఇంటికి."

"అది నాకెందుకు చెప్తావు? పోయి నీ జోడీకి చెప్పు."

పోయి చెప్పినాను. బ్యాండు గది మెట్ల మీద, ఎండలో. వాడు తుమ్మ ముల్లుతో నేల గీకుతున్నాడు. నేను ఆ ఇంటికి పోయే విషయమంతా మా అంగడిలో కొత్త సరుకు చూపించినట్టు చూపించినాను: తప్పితే ఎంత లాభమో, మన ఊర్లో మనం ఎట్ల తిరగొచ్చో. వాడు చాలాసేపు విన్నాడు. చివరికి అన్నాడు, "నేను పోకూడదు శెట్టీ." నన్ను బడిలో అందరూ శెట్టి అనే పిలిచేవాళ్ళు.

"ఎందుకు?"

"వానల్లేవు కదా. నాయన ఎద్దుల్ని కూడా అమ్మేసినాడు. నేను ఈడ తింటే నా వంతు సంగటి మా చెల్లెలికి వస్తాది."

అంతే చెప్పినాడు. మళ్ళీ నేల గీకుతున్నాడు.   ఆ రోజునుంచి నేను చదవడం మొదలుపెట్టినాను. చదువు మీద ప్రేమతో కాదు. ఒక పిల్ల ముందర నుంచి సంగటి ముద్ద తీసేసే పని నావల్ల కాక. ఇప్పుడు ఈ వయసులో ఆలోచిస్తే, ఒకడు తప్పితే ఇద్దరినీ పంపుతామని ఏ ప్రిన్సిపాలు ఒప్పుకుంటాడు? అది సారు చెప్పిన తొలి ధర. ఆకాశమంత ఎత్తున చెప్పినాడు. ధరలు చెప్పే ఇంట్లో పుట్టిన నేను, ఇంత అన్యాయపు ధరకు ఎదురు మాట లేకుండా ఒప్పేసుకున్నాను. ఆ విషయం నాకు అర్థమయ్యేసరికి సారు పోయి చాలా ఏళ్ళయింది. అర్థమైన రోజు అంగడిలో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

సారు నా బలహీనతను పట్టుకున్నాడు. మామూలుగా చెప్తే నా తలకు ఎక్కదని, ఇంగ్లీషును అంగడి చేసేసినాడు. గదిలో ఏది కావాలన్నా కొనుక్కోవల్ల, ఇంగ్లీషులో బేరమాడి. కిటికీ పక్క చోటు, నీళ్ళకు పోయే సెలవు, పెద్ద డోలు మీద రాసుకునే హక్కు. దుడ్లు లేవు, చింతగింజలు. ఒకడు అమ్మేవాడు, వాని జోడీ కొనేవాడు. నాకు పండగ. కొత్త మాట దొరికితే ఆ పూటే వాడేసేవాణ్ణి. "సెకండ్ క్వాలిటీ" అన్న మాట నేర్చుకున్న రోజు గదిలో ఉన్న ప్రతిదాన్నీ సెకండ్ క్వాలిటీ అన్నాను, సారు మీసంతో సహా. "నా మీసం జోలికి రావాకు" అన్నాడు ఆయన, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

రామాంజితో మాత్రం బేరం ముందుకు కదిలేది కాదు. నేను ఎంత చెప్తే అంతకు "ఎస్" అని చింతగింజలన్నీ నా ముందు పోసేవాడు. "టూ మచ్ అనరా, ఒక్కసారి అను" అని నేను బతిమాలేవాణ్ణి. "అమ్మేవాన్ని నేనే, కొనేవానికి బేరం నేర్పేదీ నేనే. యా ఊరి న్యాయంరా ఇది?" వాడు తల దించుకునేవాడు. అట్లా తల దించుకోవడం నేను ఇంతకుముందు చూసినాను. మా అంగడి వెనక వాకిట్లో. చెనక్కాయల మూటలు బండిలో దించి రైతులు అట్లే నిలబడేవాళ్ళు. మా నాయన ఒక ధర చెప్పేవాడు. వాళ్ళు ఆ ధరను, వాన కురవడాన్ని, కురవకపోవడాన్ని ఒక్క తీరుగా వినేవాళ్ళు. బేరమనేది అంగడి ముందర వాకిట్లోనే జరుగుతుంది, వెనక వాకిట్లో జరగదు. ఆ సంగతి నాకు ఆ డోళ్ళ మధ్య తెలిసింది. కొంచెం కష్టంగానే తెలిసింది.

దసరాకు ఇంటికి పోయినప్పుడు అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చినాను. మా నాయన మెత్తబడి, "ఆ పరీక్ష రాయి. పాసో ఫెయిలో, ఆ రోజు వచ్చి తీసకపోతా" అన్నాడు. కాబట్టి నా సంగతి తేలిపోయింది. మిగిలింది రామాంజిని గట్టెక్కించడం.

రాత పరీక్ష ఇద్దరం బాగానే రాసినాం. తర్వాత నోటి పరీక్ష, ప్రిన్సిపాలు సారు ముందర, జోడీలుగా. ఆయన కర్నలు. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. నున్నని బల్ల, దాని మీద పిలిచేదానికి ఒక చిన్న ఇత్తడి గంట. మా సారు వెనక గోడకు ఆనుకుని నిలబడినాడు. నన్ను అడిగినవి నేను చెప్పినాను, అడగనివి కూడా చెప్పినాను. రామాంజి వంతు వచ్చింది. పేరు అడిగినాడు. ఊరు అడిగినాడు. మీ నాయన ఏం చేస్తాడని అడిగినాడు. ఈ జవాబులన్నీ వాని కడుపులో ఉన్నాయని నాకు తెలుసు, నేనే కూర్చి పెట్టినాను. వాడు బల్ల మీది గంటనే చూస్తున్నాడు. కర్నల్ సారు ఓపికగా మళ్ళీ అడిగినాడు. తర్వాత నిట్టూర్చి కలం మూత పెట్టినాడు. నేను వెనక్కి తిరిగి సారును చూసినాను. ఆయన బుగ్గలో లవంగం కదలడం లేదు.

ఆ తర్వాత నేను చేసింది ధైర్యమని హాసినితో చెప్పినాను గానీ, ధైర్యం కాదు. అలవాటు. బేరం తెగిపోతుంటే అంగడోని చెయ్యి ఊరుకోదు. బల్ల మీది గంట చేతిలోకి తీసుకుని, రామాంజి మొహం ముందర ఊపి, బ్యాండు గదిలో అరిచినట్టే అరిచినాను: "కమ్ బ్రదర్, కమ్! గుడ్ బెల్! ఫస్ట్ క్వాలిటీ! హండ్రెడ్ రుపీస్ ఓన్లీ!"

కర్నల్ సారు నోరు తెరిచినాడు. రామాంజి నన్ను చూసినాడు, గంటను చూసినాడు, ఆయనను చూసినాడు. వాని మొహం ఎర్రగా అయింది. "నో!" అన్నాడు. "ఇట్ ఈజ్ నాట్ యువర్ బెల్. ఇట్ ఈజ్ సార్ బెల్. పుట్ ఇట్ డౌన్!"

"ఓకే, నైంటీ" అన్నాను నేను. నోరు ఆగితే కదా.

"నో నైంటీ! వన్ రుపీ ఆల్సో నో! పుట్ ఇట్ డౌన్, శెట్టీ!"

నేను పెట్టేసినాను.  ఇన్ని నెలల్లో వాడు ఒకరికి కాదని చెప్పడం అదే మొదలు. చింతగింజలకు కదలని నోరు, ఇంకొకరి సొమ్ము నేను అమ్మేస్తున్నానని కదిలింది. కర్నల్ సారు గంట తీసుకుని, ముందుకు వంగి, మెల్లగా అడిగినాడు, దీని ధర ఎంతుంటుందని నీవు అనుకుంటావు బాబూ అని. రామాంజి ఇంక ఆగలేదు. ముక్కలు ముక్కలుగా, కాలాలు కలిపేస్తూ చెప్పినాడు. తమ ఇంట్లో ఎద్దు మెడలోది ఇట్లాంటిదే ఉందని. వాళ్ళ నాయన తిరునాళ్ళలో కొన్నాడని. ఎద్దును అమ్మినప్పుడు గంట మాత్రం విప్పి పెట్టుకున్నాడని. ఎద్దు లేకపోయినా రోజూ తుడుస్తాడని. అందుకే ధర తనకు తెలియదని. నెలలతరబడి వాని పక్కన కూర్చున్న నాకు ఆ గంట సంగతి అప్పుడే తెలిసింది. కర్నల్ సారు కలం మూత తీసినాడు. వెనక గోడ దగ్గర లవంగం పటుక్కుమని కొరికిన చప్పుడు వినిపించింది.

ఇదంతా వేపచెట్టు కింద కూర్చోబెట్టి హాసినికి చెప్పినాను. "మీకు చెవులకు పెట్టుకునేవి లేవా?" అని అడిగింది. "లేవు. చెవులకు రామాంజి ఉన్నాడు" అన్నాను. ఇప్పటి గదిలో ఎవరూ అన్నం మానేయరు, ఎవరూ సన్నాయి ఊదరు. అది గొప్ప సంగతే, నేను పూర్తి ధర ఇచ్చి ఒప్పుకుంటా. కానీ కంప్యూటర్ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనుక్కుంటుందేగానీ, ఎందుకు ఆగిపోయిందో దానికి ఎవరు చెప్తారు? మా అంగడిలో కూడా ఇప్పుడు గోతం సంచుల వాసన లేదు. మా ఊరంతా జీన్సు ప్యాంట్లు కుట్టడం మొదలైనాక జిప్పులు, గుండీలు, దారపు రీళ్ళు అమ్ముతున్నాను. కళ్ళు బాగలేవని సైన్యం నన్ను వద్దనింది. వాళ్ళతో కూడా కొంచెం బేరమాడి చూసినాను. రామాంజి సైన్యంలోకి పోయినాడు. ఆఫీసరై, ఏవేవో మంచుకొండల్లో కాపలా కాసి, తిరిగొచ్చి ఊర్లో చీనీ తోట, అదే బత్తాయి తోట, వేసినాడు. వానికి ఫోన్ చేసి హాసిని చేతికిచ్చినాను. ఏం మాట్లాడుకున్నారో, చివర్లో పిల్ల, "అయితే నా పక్క అరలో పిల్లను పేరు అడుగుతా తాతా" అనింది వానితో. నన్ను కాదు, వాన్ని తాతా అనింది. సరేలే.

నోటి పరీక్ష రోజున జరిగింది ఇంకొంచెం ఉండాది. తప్పుతారనుకున్న పిల్లల నాయనలను ఆ రోజు రమ్మన్నారు, తప్పితే తీసుకుపోయేదానికి. సాయంత్రం ఇద్దరం గేటు దగ్గరికి వచ్చేసరికి మా నాయన, రామాంజి నాయన ఓబులప్ప, ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ పెట్టె కట్టేదానికి తాడు. రామాంజి దగ్గరికి పోయి, "ఉండమన్నారు నాయనా" అన్నాడు. ఓబులప్పకు అర్థం కాలేదు. "ఎన్నాళ్ళు?" అన్నాడు. "చదువు అయిపోయేదాకా" అన్నాడు వాడు. ఆయన తాడును చేతికి చుట్టుకున్నాడు, విప్పినాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

మా నాయనకు ఇట్లాంటి నిశ్శబ్దాలు పడవు. "ఏమన్నా ఓబులన్నా, చెనక్కాయలు పీకినారంట కదా. ఈ ఏడు ఏమన్నా కండ పట్టిందా?" అని అందుకున్నాడు.

"ఏదో శెట్టీ, ఉన్న కాస్త. ఎట్లా మీ అంగడికి తేవల్ల కదా."

మా నాయన ఒక ధర చెప్పినాడు. ఆ ధర నాకు తెలుసు. కనుబొమలు ఎత్తకుండా, తువ్వాలు దులుపుతూ చెప్పే ధర అది. ఓబులప్ప తల ఊపబోయినాడు.

"చాలదప్పా" అన్నాడు రామాంజి.

మా నాయన తువ్వాలు ఆగింది. "ఏమి చాలదు?"

"ధర చాలదు. మా చేన్లో కాయ గట్టిది, తాలు లేదు. పక్కూరోళ్ళకు ఇంకా ఎక్కువిచ్చినారంట."

"ఒరే ఊరుకోరా, పెద్దోళ్ళతో ఏం మాటలు" అని ఓబులప్ప భయపడి వాని భుజం పట్టుకున్నాడు.

"ఉండు ఓబులన్నా, మాట్లాడనీ" అన్నాడు మా నాయన. కొంచెం పెంచినాడు. రామాంజి గడ్డం పైకెత్తి, ఎటో దూరంగా చూస్తూ నిలబడినాడు, ఇష్టం లేని సరుకు చూసినట్టు. ఆ గడ్డం నాది, ఆ చూపు నాది. మా నాయన అది గుర్తుపట్టి నా వైపు తిరిగినాడు. "ఎవుడ్రా వీనికి నేర్పించింది?" నేను గేటు పక్క వేపచెట్టు కొమ్మల్ని చూస్తున్నాను. ఆయన మళ్ళీ పెంచినాడు. రామాంజి ఇంకొంచెం అన్నాడు. చివరికి ఒక చోట ఇద్దరికీ కుదిరింది. మా అంగడి వెనక వాకిట్లో ఆ ధర ఎవరూ వినుండరు. మా నాయన తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు, అప్పటికి ఎండ తగ్గినా.

బస్సు దుమ్ము కనిపించింది. "పోదామా నాయనా? పెట్టె తెచ్చుకుంటా" అన్నాను నేను. గొంతులో మునుపటంత ఆశ లేదు, అది నాకే వినిపించింది.

"నువ్వు యాడికి?" అన్నాడు ఆయన. "నువ్వు ఈడనే ఉండు. నువ్వు అంగడికొస్తే వచ్చే రైతులకంతా ఇట్లే నేర్పించి పెడతావు. నన్ను బతకనిస్తావా?" నా తల మీద గట్టిగా ఒక మొట్టికాయ వేసి, ఆ చెయ్యి వెంటనే తీయకుండా కొంచెంసేపు అట్లే ఉంచినాడు. తర్వాత ఓబులప్పను ముందు ఎక్కించి, తాను ఎక్కి, ఆయన పక్కనే కూర్చున్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నన్ను కాదు, రామాంజిని చూసి తలాడించినాడు.

దుమ్ము అణిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడినాం. లోపల ఈల మోగింది. రామాంజి ఇంకా రోడ్డు వైపే చూస్తూ, "ఇంకొంచెం అడిగింటే ఇచ్చిండేవాడు కదా శెట్టీ?" అన్నాడు.